ఇరవై నిమిషాల బాకీ

నెల్లూరు సంతపేటలో మా ఇంటి నుంచి నాలుగు సందులు తిరిగితే ఒక పాత మిద్దె, దాని కింద షట్టరు గది. షట్టరు ఎప్పుడూ సగమే ఎత్తి ఉండేది. ఆ సగానికి ఒక పాత దుప్పటి వేలాడదీసేవాళ్లు. వంగి లోపలికి పోతే ముందు ఏమీ కనపడదు. చెమట వాసన, వేడెక్కిన అడాప్టర్ వాసన, ఎవరో నములుతున్న బొరుగుల వాసన. కళ్లు అలవాటు పడ్డాక మూడు టీవీలు కనపడేవి. రెండు కలర్‌వి, ఒకటి బ్లాక్ అండ్ వైట్. కలర్ టీవీ అయితే గంటకు 10 రూపాయలు, బ్లాక్ అండ్ వైట్ అయితే 6. బోర్డు లేదు. గేముల షాపు అంటే ఆ పేటలో అందరికీ అదే. 1996 ఎండాకాలం సెలవులు నేను దాదాపుగా ఆ దుప్పటి వెనకే గడిపాను.

గడిపానంటే ఆడానని కాదు. నా చేతిలో డబ్బులు ఎక్కడివి? అంగడికి పంపినప్పుడు మిగిల్చిన చిల్లర, ఊరి నుంచి వచ్చిన చుట్టాలు పోతూ పోతూ చేతిలో పెట్టిన ఐదో పదో, అంతే. వారానికి ఒక అరగంట ఆడితే గొప్ప. మిగతా రోజులన్నీ చూడటమే. చూడటానికి రేటు లేదు. చూసేవాడు బల్ల మీద కూర్చోకూడదు, గోడకు ఆనుకొని నిలబడాలి, షాపన్న కేకేస్తే పోయి టీ పట్టుకు రావాలి. అవే షరతులు. నాలాంటివాళ్లు ఎప్పుడు చూసినా పదిమందికి తగ్గేవాళ్లు కాదు.

గుడి అరుగు మీద పులిజూదం ఆడేచోట చూడండి, ఆడేది ఇద్దరే, మేకను ఎక్కడ పెట్టాలో చెప్పేది ఎనిమిది మంది. మా షాపూ అంతే. 'దూకు దూకు', 'వొంగరా', 'ఇప్పుడు గాదు, ఆగు' అని వెనక నుంచి ఒకటే గోల. ఆడేవాడు చచ్చిపోతే తప్పు చెప్పినవాడిది, గెలిస్తే గొప్ప ఆడినవాడిది. ఒక్కొక్కడిది ఒక్కో విద్య. ఒకడు కాంట్రాలో జలపాతం స్టేజి గురించే మాట్లాడతాడు. ఇంకొకడికి మారియోలో పైకి ఎగబాకే తీగలు ఎక్కడున్నాయో తప్ప ఇంకేమీ తెలీదు. నేను మారియోలో నాలుగో లోకం ఎన్నడూ దాటలేదు. అయినా ఎనిమిదో లోకంలో ఆడుతున్న పెద్దవాళ్లకు సలహా చెప్పేవాడిని, వాళ్లు వినేవాళ్లు కూడా. ఎన్ని గంటలు చూశానో వాళ్లకు తెలుసు.

ఆ మెషిన్ గురించి మాకు తెలిసింది దాదాపుగా శూన్యం. డబ్బా మీద సమురాయ్ అనో, లిటిల్ మాస్టర్ అనో ఉండేది. అదే కంపెనీ, అదే దేశం అనుకునేవాళ్లం. నింటెండో అన్న మాట ఆ గదిలో ఎవరి నోటా వినలేదు. 1983లో జపాన్‌లో నింటెండో తెచ్చిన ఫ్యామిలీ కంప్యూటర్‌కు అవి నకళ్లని నాకు ఉద్యోగం వచ్చిన తర్వాత గానీ తెలియలేదు. అసలు మెషిన్‌ను జపాన్‌లో 2003 దాకా తయారుచేస్తూనే ఉన్నారట. మా తరం మొత్తం నకళ్లతో పెరిగి, అసలును కంటితో చూడకుండానే పెద్దదైపోయింది. ఇందులో నాకేమీ విచారం లేదు. నకలు బాగానే ఆడింది.

మారియో ఎవరన్న దాని మీద కూడా ఒక వాదం నడిచేది. ఇంగ్లీషు చదివి అర్థం చేసుకునే ఓపిక ఎవరికీ లేదు గనక కథ మేమే అల్లుకున్నాం. ఇటుకలు పగలగొడతాడు, టోపీ ఉంది, మీసం ఉంది, కాబట్టి మేస్త్రీ. ఇల్లు కట్టించుకున్న రాజు కూలి ఎగ్గొడితే వసూలు చేసుకోవడానికి కోటలన్నీ తిరుగుతున్నాడు. ఇది మా పేట సిద్ధాంతం. అతను ప్లంబరని తర్వాత చదివాను. అయితే 1981లో డాంకీ కాంగ్ అనే ఆటలో మొదటిసారి కనపడినప్పుడు అతన్ని వడ్రంగిగానే చూపించారట. మేం మరీ అంత దూరం పోలేదన్నమాట.

మా మారియో ఆట మొత్తం 40 కిలోబైట్లు. పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే శుభోదయం బొమ్మ ఒక్కటే దానికంటే బరువు. అంత ఇరుకులో ముప్పై రెండు స్టేజీలు సర్దాలంటే పొదుపు చేయక తప్పదు గదా, ఆకాశంలో మేఘానికీ నేల మీద పొదకూ ఒకే బొమ్మ వాడి రంగు మార్చారు. ఆ సంగతి మాలో ఒకడు అప్పుడే కనిపెట్టాడు. 'మబ్బుకు పచ్చరంగేస్తే చెట్టురా' అన్నాడు. ఎవరూ నమ్మలేదు. బ్లాక్ అండ్ వైట్ టీవీ ముందు కూర్చునేవాడు గనక వాడికి రెండూ ఒకేలా కనపడ్డాయి. కలర్‌లో చూసే మాకు పదేళ్లు పోయినా తట్టేది కాదు.

క్యాసెట్టు మీద 9999 ఇన్ 1 అని ఉండేది. ఒక మధ్యాహ్నం కరెంటు నిలకడగా ఉండటంతో షాపన్నే మమ్మల్ని లెక్కపెట్టమన్నాడు. ఎనిమిదో తొమ్మిదో వచ్చాయి. ఆ తర్వాతవన్నీ మళ్లీ అవే. మారియో ముప్పై చోట్ల ఉంది, ఒకచోట మూడో లోకం నుంచి మొదలైతే ఒకచోట ఆరో లోకం నుంచి. కాంట్రా అయితే చేతిలో వేరే తుపాకీతో. మేమేమీ మోసపోయామనుకోలేదు. పెళ్లి పత్రికలో 'బంధుమిత్ర సపరివారంగా' అని ఉన్నంత మాత్రాన అందరూ వస్తారా ఏమిటి?

క్యాసెట్టు పలకకపోతే తీసి ఊదాలి. ఎవరు ఊదినా కాదు, దానికి హస్తవాసి లాంటిది ఉండాలని నమ్మకం. మాలో ఒకడి ఊపిరి మంచిదని పేరు. వాడు ఊది పెడితే బొమ్మ పడేది. నిజానికి పని చేసింది ఊపిరి కాదు. తీసి మళ్లీ గుచ్చడంలో రాగి పళ్లు రాసుకొని కాంటాక్టు దొరికేది. ఊపిరిలోని తడికి ఆ పళ్లు తుప్పు పడతాయని నింటెండో కంపెనీయే ఊదవద్దని చెప్పింది. షాపన్నకు ఈ సంగతి ఎట్టా తెలుసో గానీ మా పెన్సిల్ రబ్బరు అడిగి తీసుకొని ఆ పళ్ల మీద రుద్దేవాడు. అయినా మా వాడిని ఊదనిచ్చేవాడు. వాడు మంచి గిరాకీ.

కాంట్రా గురించి చెప్పకపోతే తోటివాళ్లు నన్ను క్షమించరు. మూడు ప్రాణాలతో ఆ ఆట ముగించడం మానవమాత్రుల వల్ల కాదు. ముప్పై ప్రాణాలు ఇచ్చే మంత్రం ఒకటుంది: పైకి రెండు, కిందికి రెండు, ఎడమ, కుడి, ఎడమ, కుడి, తర్వాత బి, ఏ. ఇది మాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. బాలాజీ నగర్ నుంచి వచ్చే ఒక అబ్బాయి చెప్పాడు, వాడికి గూడూరులో ఉండే వాళ్ల బావ చెప్పాడు. నోటి నుంచి నోటికి వచ్చే ప్రతిదానికీ ఉన్నట్టే దీనికీ పాఠాంతరాలు. బి తర్వాత ఏ కాదు, ఏ తర్వాత బి అని ఒక శాఖ. ఇద్దరు ఆడేటప్పుడు సెలెక్ట్ కూడా నొక్కాలని ఒక శాఖ, అది నిజమే. తెర మీద అక్షరాలు కదులుతుండగానే నొక్కితే అరవై ప్రాణాలొస్తాయని మూడో శాఖ, అది పచ్చి అబద్ధం. కానీ ఆ అబద్ధం కోసం నేను అచ్చంగా ఒక అరగంట ఖర్చు పెట్టాను. మూడు రూపాయలు.

కొనామి కంపెనీలో కజుహిసా హషిమోతో అనే ఉద్యోగి, 1986లో గ్రేడియస్ అనే ఆటను ఇంటి మెషిన్‌కు తెస్తూ, పరీక్షించడానికి అది తనకే మరీ కష్టంగా ఉందని ఆ మీటల వరసను లోపల పెట్టుకున్నాడట. తన పని సులువు కావడానికి ఒకాయన చేసుకున్న ఏర్పాటు సముద్రాలు దాటి గూడూరు బావ దాకా వచ్చింది. 2020లో ఆయన పోయారన్న వార్త ఫోన్‌లో చూసిన రోజు ఆఫీసులో కూర్చొని టేబుల్ మీద వేళ్లతో ఆ వరస కొట్టుకున్నాను. వేళ్లు మరిచిపోలేదు.

పెద్దవాళ్ల అభిప్రాయం ఒక్కటే: వీడియో గేము పెడితే పిక్చర్ ట్యూబ్ పోతుంది. ఇంట్లో షట్టరు తలుపుల టీవీ ఉన్న ప్రతి నాన్నా ఇదే అన్నాడు. అందుకే మెషిన్ కొనగలిగినవాళ్లు కూడా షాపుకు వచ్చేవాళ్లు. మేం దీన్ని పాత మనుషుల భయమని నవ్వుకునేవాళ్లం. కానీ షాపులోని బ్లాక్ అండ్ వైట్ టీవీ ఆపేసినప్పుడు పరీక్షగా చూస్తే తెర పైభాగాన స్కోరు ఉండేచోట మసగ్గా అంకెల గీతలు కనపడేవి. ఒకే బొమ్మ నెలల తరబడి ఒకే చోట వెలిగితే ట్యూబు లోపలి పూత అక్కడ అరిగిపోయి అచ్చు పడుతుంది. నాన్నలు సగం నిజమే చెప్పారు. కారణం అడిగితే మాత్రం ఎవరూ చెప్పలేకపోయేవాళ్లు, అడిగినందుకు ఒకటి తగిలించేవాళ్లు.

కరెంటు మా అందరి శత్రువు. మారియోలో ఆట దాచుకునే వీలు లేదు. ఏడో లోకం చివరి కోటలో ఉన్నా సరే, కరెంటు పోతే మళ్లీ మొదటి ఇటుక దగ్గరికే. ఆట పోతే పోయింది, డబ్బుల సంగతేమిటి? దీనికి షాపన్న ఒక పద్ధతి పెట్టాడు. మిగిలిన నిమిషాలు లావుపాటి నోటుపుస్తకంలో పేరు ముందు రాసి, మరోరోజు ఆడనిచ్చేవాడు. ఆ పుస్తకంలో గీతలు, కొట్టివేతలు, మళ్లీ రాతలు, కొందరికి గంటలకొద్దీ జమ. నిమిషాల అప్పులు చేతులు మారేవి కూడా. పది నిమిషాలిచ్చి రెండు క్రికెట్ బొమ్మలు కొన్నవాడిని నేనెరుగుదును.

వార్తలు తెచ్చేది కూడా షాపన్నే. నెలకోసారి పినాకిని రైల్లో మద్రాసు పోయి బర్మా బజార్‌లో క్యాసెట్లు, చెడిపోయిన రిమోట్లకు బదులు కొత్తవి తెచ్చేవాడు. ఆ ఏడే మద్రాసు చెన్నై అయింది, మాకు మాత్రం మద్రాసే. ఒకసారి తిరిగొచ్చి, 'క్యాసెట్ లేకుండా సీడీ పెట్టి ఆడే మెషిన్ వచ్చిందిరా, ప్లేస్టేషన్ అంట' అన్నాడు. గదిలో పెద్ద చర్చ. సీడీలో పాటలుంటాయి గదా, ఆట ఎట్టా ఉంటుంది? రిమోట్ నొక్కితే సీడీకి ఎట్టా తెలుస్తుంది? మాలో అందరికంటే పెద్దవాడు, పది తప్పి ఇంట్లో కూర్చున్నవాడు, గంభీరంగా తీర్పు చెప్పాడు: 'అది ఆడదు. గీత పడితే సీడీ పోతుంది. క్యాసెట్టే గట్టిది.' అందరం తలలూపాం. ఇప్పుడు నవ్వొస్తుంది. కానీ ఆ జూన్‌లోనే జపాన్‌లో నింటెండో 64 అనే కొత్త మెషిన్ వచ్చింది, దానికి కూడా క్యాసెట్టే. అంత పెద్ద కంపెనీ, పది తప్పిన మా వాడు, ఇద్దరూ ఒకే మాట మీద నిలబడ్డారు. ప్లేస్టేషన్ పది కోట్లకు పైగా అమ్ముడుపోయింది. మా వాడు ఇప్పటికీ ఒప్పుకోడు. తర్వాత షాపులో పెట్టిన దొంగ సీడీలకు గీతలు పడ్డాయి గదా అంటాడు.

సినిమా హాళ్ల దగ్గర రూపాయి బిళ్ల వేసి ఆడే పెద్ద డబ్బాలుండేవి. అక్కడ ముస్తఫా. క్యాప్‌కామ్ 1993లో తెచ్చిన ఆ ఆట అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్ అని మాలో ఏ ఒక్కడికైనా తెలిసుంటే ఒట్టు. పసుపు టోపీ పెట్టుకొని ఎగిరి తన్నేవాడి పేరే ఆటకు పేరైంది. ప్రేమదేశం సినిమాలో ముస్తఫా పాట వచ్చినప్పుడు ఆ గేము చూసే రాశారని మా పేటలో చెప్పుకున్నారు. అక్కడ గొడవలు ఎక్కువ, సిగరెట్లు ఎక్కువ. నేను రెండు మూడు సార్లకంటే పోలేదు.

ఇంత చెబుతున్నాను గానీ, మా అక్క ఆ దుప్పటి ఒక్కసారి కూడా దాటలేదు. ఆడపిల్లలెవరూ దాటలేదు. పోవద్దని ఎవరూ చెప్పిన గుర్తు లేదు, చెప్పాల్సిన పనే లేదు, అంతే. కువైట్ నుంచి పక్కింటివాళ్లు తెచ్చిన చేతి బ్రిక్ గేములో మా పేటలో అక్కను మించినవాళ్లు లేరు. ఇటుకలు అంత వేగంగా రాలుతుంటే ఒక చేత్తో తింటూ ఆడేది. రాత్రి మిద్దె మీద పడుకున్నప్పుడు ఆ రోజు షాపులో జరిగిందంతా నేను చెప్పాలి. ఏ స్టేజిలో ఏం వచ్చింది, ఎవడు ఎక్కడ చచ్చాడు, తర్వాత తలుపు ఎటు తెరుచుకుంది. మధ్యలో ప్రశ్నలేసేది. కళ్లతో చూడని ఆటల మీద దానికి నాకంటే గట్టి అభిప్రాయాలుండేవి.

బాతుల ఆట సంగతి దానికే ముందు చెప్పాను. డక్ హంట్. నారింజ రంగు గన్నుతో తెర మీద ఎగిరే బాతును కొట్టాలి. ఆ గన్ను నుంచి ఏమీ బయటికి రాదు, అది వెలుగును లోపలికి చూస్తుంది. మీట నొక్కగానే కంటికి ఆననంత సేపు తెరంతా నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లని గడి ఒకటి వెలుగుతుంది. ముందు చీకటి, ఆ వెంటనే వెలుగు కనపడితేనే గురి తగిలినట్టు. ఇది తెలీక మేం గన్నును ట్యూబ్‌లైటు వైపు పెట్టి కాల్చేవాళ్లం, బాతు పడుతుందేమోనని. పడదు. బల్బుకు ముందు చీకటి ఉండదు గదా! పాత లావు టీవీలో బొమ్మ ఏ క్షణాన పడుతుందో అంతా లెక్క ప్రకారం. ఇప్పటి పల్చటి టీవీల్లో బొమ్మ కాస్త ఆలస్యంగా వస్తుంది, అందుకే ఆ గన్ను వాటి మీద పనిచేయదు.

మా షాపులో బాతు గురించి ఒక విచిత్రమైన సంగతి ప్రచారంలో ఉండేది. కొందరు ఆడితే బాతు తిన్నగా ఎగురుతుంది. కొందరికి మాత్రం చివరి క్షణంలో గిరుక్కున తిరిగి తప్పించుకుంటుంది. నాకు ఎప్పుడూ తప్పించుకునేదే. బాతుకు తెలివుందని, మనిషిని గుర్తుపడుతుందని, భయపడేవాడిని ఆడిస్తుందని పదకొండేళ్ల మా మేధావులు తేల్చారు. ఆ రాత్రి మా అక్కకు ఇదంతా చెప్పాను. అది దుప్పటి కప్పుకుంటూ, 'ఎవరో తిప్పుతుండారేమోలే' అంది. నాకు కోపం వచ్చింది. షాపే చూడనిదానికి ఏం తెలుసని!

2000 దాటాక నెట్ సెంటర్లు వచ్చాయి. కౌంటర్ స్ట్రైక్, వైస్ సిటీ, ఇంకేవేవో. ఆటలు వెయ్యి రెట్లు గొప్పవే. కానీ అక్కడ ప్లైవుడ్ గదులు, చెవులకు హెడ్‌ఫోన్లు. ఎవడి వెనకైనా పోయి నిలబడితే 'ఏం గావాల?' అని అడిగేవాళ్లు. చూసేవాడికి చోటు పోయింది అక్కడే అని నా అభిప్రాయం, ఫోన్ వచ్చాక కాదు. హైదరాబాద్‌లో మా మేనల్లుడు ఇంకెవరో ఆడుతుంటే ఫోన్‌లో గంటలకొద్దీ చూస్తాడు, కింద వందలమంది రాతలు పరుగెడుతుంటాయి. 'నువ్వు ఆడవేరా?' అంటే 'చూస్తుంటేనే బాగుంటది మామా' అన్నాడు. వాడికి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది. టీ తెమ్మనేవాడు లేడు వాడికి, అదొక్కటే తేడా.

షాపు 2001లోనో 2002లోనో మూతపడింది. మొన్న సంక్రాంతికి పోయినప్పుడు చూస్తే అదే గది, షట్టరు పూర్తిగా ఎత్తి ఉంది. జిరాక్స్, ఆధార్ ప్రింట్లు, కరెంటు బిల్లులు. షాపన్న జుట్టంతా తెల్లబడింది. నన్ను గుర్తుపట్టడానికి కాస్త టైం పట్టింది, గుర్తుపట్టాక స్టూలు లాగి కూర్చోబెట్టాడు. ఆ మాటా ఈ మాటా అయ్యాక బాతు సంగతి అడిగాను. చేతిలోని కాగితాలు కింద పెట్టి నవ్వాడు.

'గన్నుతో ఒకడు ఆడేటప్పుడు ఇంకో రిమోట్ పట్టుకుంటే బాతును మనమే తిప్పొచ్చు అబ్బయ్యా. రిమోట్ నా ఒళ్లోనే ఉండేది. మీ మొహాలు చూడాలని.'

'అందరికీ తిప్పేవాడివా?'

'లేదులే. నువ్వు బో ఉడుక్కునేవాడివి.'

అక్కడి నుంచే మా అక్కకు ఫోన్ చేశాను. అది వంటింట్లో ఉంది. సంగతంతా విని, 'నేను చెప్పలా?' అని మాత్రం అని, పండగ పిండివంటలు ఎన్ని రోజులు నిలవ ఉంటాయో చెప్పడం మొదలుపెట్టింది. ఇరవై ఏడేళ్ల కిందటి మాట దానికి అంత మామూలుగా గుర్తుండటం నాకు మింగుడుపడలేదు.

లేవబోతూ షాపన్నతో అన్నాను, షాపు మూసిన నాటికి నాకు ఇరవై నిమిషాలు జమ ఉండాలని. బ్లాక్ అండ్ వైట్ కాదు, కలర్‌వి.

'పుస్తకం చూడాల,' అన్నాడు నవ్వకుండా. 'పైన అటక మీద ఉండాది.'

అంతలో ఎవరో పెద్దామె వచ్చి, పింఛను కోసం వేలిముద్ర పడటం లేదంట నాయనా అంది. ఆయన తడిగుడ్డ తీసుకొని ఆమె బొటనవేలు తుడుస్తూ అటు తిరిగాడు.